గని నీరు, వాగు నీరు: జిన్‌జూ నది నేర్పిన పాఠము

గని అనగానే మనకు త్రవ్వడమే గుర్తుకు వస్తుంది. త్రవ్విన చోటును తిరిగి నింపవలసి ఉంటుందన్న సంగతి గనులకు దూరముగా నివసించేవారికి అంతగా తెలియదు. నింపడానికి నీరు కావాలి. నింపిన తరువాత ఆ నీరు బయటకు రావాలి. బయటకు వచ్చిన నీరు ఏదో ఒక వాగులో కలవాలి. ఆ వాగు క్రింద పొలములు ఉంటాయి, పొలముల ప్రక్కన ఊళ్ళు ఉంటాయి. ఈ వ్యాసములో నేను చెప్పదలచుకున్నది ఆ వాగు గురించి, ఆ ఊళ్ళలోని మనుషుల మూత్రపిండముల గురించి, ఎముకల గురించి.

ఒళ్ళంతా నొప్పులని వచ్చిన నడివయసు స్త్రీలను నా వృత్తి జీవితములో లెక్కలేనంతమందిని చూశాను. వారి నొప్పికి వయసనో, చాకిరీ అనో, బలహీనత అనో కారణము చెప్పి నాలుగు మాత్రలు వ్రాసి పంపడము వైద్యునికి చాలా తేలిక. జపాను దేశములో ఒక నది ఒడ్డున అదే పని కొన్ని దశాబ్దముల పాటు జరిగింది. ఆ చరిత్ర వైద్యులకే గాక, వాగు నీటితో పంట పండించుకునే ప్రతి కుటుంబమునకు తెలియవలసినది.

గనిని ఎందుకు నింపుతారు?

భూగర్భము నుండి బొగ్గును గాని, లోహపు ముడిఖనిజమును గాని తీసివేసినప్పుడు అక్కడ ఖాళీ మిగులుతుంది. పైకప్పు కూలితే లోపల పనిచేసేవారి ప్రాణములు పోతాయి. పైన నేల క్రుంగితే ఇళ్ళు బీటలు వారుతాయి. ఆ ఖాళీలో ఇసుక, రాతిపొడి, బూడిద వంటివి నింపితే నేల నిలుస్తుంది. మన దేశములో బొగ్గు గనులలో మంటలు, కూలిపోవడములు పెరిగిన పిమ్మట 1939లో ఇందుకొరకే ఒక చట్టము వచ్చింది. బొగ్గుపై సుంకము విధించి, ఆ సొమ్మును గనులను ఇసుకతో నింపే పనికి సాయముగా ఇచ్చారు. మన సింగరేణి గనులలో గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టముల ద్వారా లోపలికి పంపేవారు. కార్మికులు ఈ పనిని స్టోయింగ్ అంటారు.

లోహపు గనులలో నింపే పదార్థము వేరు. ముడిఖనిజమును మెత్తగా పొడిచేసి, దానిలోని లోహపు భాగమును వేరుచేసిన తరువాత మిగిలే రాతి పిండిని టెయిలింగ్స్ అంటారు. త్రవ్వి తీసిన ఖనిజములో చాలా భాగము చివరకు ఈ పిండిగానే మిగులుతుంది. దానిలోని ముతక రేణువులను వేరుచేసి, నీటితో కలిపి, కొన్నిచోట్ల కొంత సిమెంటును కూడా చేర్చి తిరిగి గనిలోనికి పంపుతారు. ఝార్ఖండులోని జాదుగూడ యురేనియం గనిలో ముతక భాగము గనిలోనికి తిరిగి వెళుతుంది. మెత్తని భాగము కట్ట కట్టిన చెరువు వంటి చోటుకు చేరుతుంది.

ఇది మంచి పద్ధతే. నేల క్రుంగదు. గని వెలుపల గుట్టలుగా పేరుకొనే వ్యర్థము తగ్గుతుంది. అయితే నింపే పదార్థము ఏమిటి, దానితో వెళ్ళిన నీరు ఏమవుతుంది అనే రెండు ప్రశ్నలకు సరియైన సమాధానము దొరికినప్పుడే అది మంచి పద్ధతి.

నింపిన నీరు ఎక్కడకు పోతుంది?

గొట్టములో పారడానికి పిండిలో నీరు ఎక్కువగా ఉండాలి. గనిలోనికి చేరిన తరువాత పిండి అడుగున పేరుకొని గట్టిపడుతుంది. మిగిలిన నీరు అడ్డుగోడల గుండా ఊరి, సొరంగముల వెంబడి పారి, అడుగున ఉన్న సంపులో చేరుతుంది. అక్కడి నుండి పంపులతో పైకి తోడుతారు. చక్కగా నడిచే గనిలో ఈ నీటిని శుద్ధిచేసి మరల వాడుకుంటారు. మిగిలినది వాగులోనికి వదులుతారు.

ఆ నీరు తనతో అనేక పదార్థములను మోసుకొని వస్తుంది. ముందుగా మెత్తని రాతి పిండి. అది వాగు అడుగున గులకరాళ్ళ సందులను పూడ్చివేస్తే, అక్కడ పెట్టిన చేపగుడ్లకు ప్రాణవాయువు అందదు. రెండవది గంధకము. చాలా లోహపు ఖనిజములు గంధకముతో కూడి ఉంటాయి. వాటికి గాలి, నీరు తగిలితే గంధకికామ్లము పుడుతుంది. ఆ ఆమ్లము రాతిలోని రాగి, జింకు, సీసము, కాడ్మియమ్ వంటి లోహములను కరిగిస్తుంది. మూడవది పేలుడు పదార్థముల శేషము. అమ్మోనియం నైట్రేటు నుండి అమ్మోనియా, నైట్రేటులు నీటిలో చేరుతాయి. పూడికలో సిమెంటు కలిపి ఉంటే నీటి క్షారగుణము పెరిగి, ఆ అమ్మోనియా చేపలకు మరింత విషమవుతుంది.

గని మూసివేసినంత మాత్రమున ఈ పని ఆగదు. పంపులు ఆగిన తరువాత గనిలో నీటిమట్టము పెరుగుతుంది. పాత సొరంగముల ముఖముల నుండి, బండల పగుళ్ళ నుండి ఆ నీరు ఏండ్ల తరబడి ఊరుతూనే ఉంటుంది.

ఇంత చెప్పినా, వాగు ఒడ్డున నిలబడి చూసేవారికి ఏమీ కనిపించకపోవచ్చు. నీరు తేటగానే ఉండవచ్చు. ఆ తేటనీటి వెనుక ఏమి జరగగలదో తెలుసుకోవడానికి జపానులోని జిన్‌జూ నది చరిత్రను మించినది లేదు. ఒక్క విషయము ముందే స్పష్టము చేస్తాను. జిన్‌జూ నదిని చెడగొట్టినది గనిలో నింపిన పూడిక కాదు. ఖనిజమును శుద్ధిచేయగా మిగిలిన పిండి, వ్యర్థజలము నదిలోనికి చేరడమే అక్కడి కారణము. కాని ఈనాడు అనేక లోహపు గనులలో పూడికగా నింపేది అటువంటి పిండినే. కనుక ఆ పిండి నుండి దిగిన నీరు ఏమి చేయగలదో ఆ నది మనకు చెబుతుంది.

పాత ఫిర్యాదు

ఈ బాధ క్రొత్తది కాదు. జర్మనీ దేశపు వైద్యుడు, గనిశాస్త్ర పండితుడు అగ్రికోలా 1556లో వెలువడిన తన గ్రంథములో గనులను వ్యతిరేకించేవారి వాదములను నమోదు చేశాడు. ఖనిజమును కడిగిన నీరు వాగులను విషపూరితము చేసి చేపలను చంపుతున్నదని, లేదా తరిమివేస్తున్నదని వారి ఫిర్యాదు. ఆయన గనుల పక్షము వహించినవాడే అయినా ఆ ఫిర్యాదును దాచలేదు.

జపానులో 19వ శతాబ్దము చివర అషియో రాగి గని వ్యర్థములు వతరాసే నదిలో కలిసి, వరదలతో పాటు పొలములపై పరచుకున్నాయి. తనాకా షోజో అనే పార్లమెంటు సభ్యుడు 1891లో ఈ విషయమును సభలో లేవనెత్తాడు. పదేళ్ళు పోరాడినా ఫలితము లేక, పదవికి రాజీనామా చేసి, 1901 డిసెంబరులో చక్రవర్తి బండికి ఎదురేగి స్వయముగా వినతిపత్రము ఇవ్వబోయాడు. కావలివారు ఆయనను పట్టుకున్నారు. ఆ వార్త దేశమంతటా సంచలనము కలిగించింది. అయినా అదే కాలములో మరొక నది చెడుతూనే ఉంది.

కామియోకా గని, జిన్‌జూ నది

జపానులోని గిఫు రాష్ట్రపు పర్వతములలో కామియోకా గని ఉంది. 1874 నుండి మిత్సుయి సంస్థ అక్కడ గనులను చేపట్టింది. 20వ శతాబ్దపు ఆరంభములో జింకు, అనగా తుత్తునాగము, అక్కడ ముఖ్యమైన ఉత్పత్తి అయింది. యుద్ధములు వచ్చిన కొద్దీ జింకు, సీసముల అవసరము పెరిగింది, గని ఉత్పత్తి పెరిగింది. ఖనిజమును మరింత మెత్తగా పొడిచేసి నురుగుపై తేల్చి వేరుచేసే పద్ధతి వచ్చింది. దానితో మిగిలే పిండి మరింత మెత్తనయింది. నీటిలో మరింత దూరము ప్రయాణించగలిగింది.

జింకు ఖనిజములో కాడ్మియమ్ అనే లోహము కొద్దిపాళ్ళలో కలిసి ఉంటుంది. 1817లో జర్మనీలో ఈ లోహమును తొలిసారి గుర్తించినది కూడా జింకు పదార్థములోనే. ఆ రోజులలో కామియోకా గనికి కాడ్మియమ్ పెద్దగా పనికివచ్చే వస్తువు కాదు. పిండితో, వ్యర్థజలముతో కలిసి అది తకహరా నదిలోనికి, అక్కడి నుండి జిన్‌జూ నదిలోనికి దిగింది. జిన్‌జూ నది ఉత్తరముగా పారి, తొయామా మైదానమును తడిపి, తొయామా అఖాతములో కలుస్తుంది. ఆ మైదానములో ప్రజలు వరి పండిస్తారు. నది నీటిని కాలువల ద్వారా మళ్ళకు పెట్టుకున్నారు. ఆ కాలువ నీటినే త్రాగారు, వంటకు వాడారు.

చెడును ముందు గుర్తించినది రైతులు. కాలువ నీరు మడిలోనికి ప్రవేశించే మూలన వరి సరిగా పెరగలేదు. ఆ మూలనే మెత్తని పిండి దిగుతున్నదని వారికి అర్థమయింది. పంట నష్టముపై ఫిర్యాదులు చేశారు. మనుషులకు కూడా హాని జరుగుతున్నదని ఆనాడు ఎవరూ ఎరుగరు.

పల్లెటూరి వైద్యుడు

ఫుచు అనే ఊరిలో హగినో నొబోరు అనే వైద్యుడు ఉండేవాడు. 1915లో జన్మించాడు. వైద్యుల కుటుంబము. యుద్ధములో సైన్యమునకు వైద్యునిగా పనిచేసి, 1946లో తిరిగివచ్చి కుటుంబపు వైద్యశాలను చేపట్టాడు. అక్కడకు వచ్చే రోగులలో ఒక వింత వ్యాధి ఆయన కంటపడింది. రోగులలో అత్యధికులు స్త్రీలు. నడివయసు దాటినవారు, పలుమార్లు బిడ్డలను కన్నవారు. ముందుగా నడుములో, తొడలలో నొప్పి. తరువాత బాతువలె ఊగుతూ నడక. ఆ తరువాత మంచము. ఎముకలు ఎంత మెత్తబడేవంటే దగ్గినా ప్రక్కటెముక విరిగేది. చేయి పట్టి నాడి చూడబోయినా నొప్పితో అరిచేవారు. ఒక రోగి శరీరములో 72 చోట్ల ఎముకలు విరిగాయి, ఆమె ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు తగ్గింది.

జపాను భాషలో "ఇటాయ్" అంటే "నొప్పి" అని అర్థము. రోగులు పగలూ రాత్రీ అరిచే ఆ మాటే వ్యాధికి పేరయింది. 1955లో ఒక స్థానిక పత్రిక "ఇటాయ్ ఇటాయ్" వ్యాధి అని వ్రాసింది. ఆ పేరే ప్రపంచ వైద్యగ్రంథములలో నిలిచిపోయింది.

ఊరిలో కొందరు దీనిని కర్మఫలముగా భావించారు. అటువంటి ఇంటితో వియ్యమందడానికి ఇతరులు జంకారు. అందువలన కుటుంబములు రోగులను దాచాయి. హగినో కూడా మొదట అధిక శ్రమ, పోషకాహార లోపము కారణములని అనుకున్నాడు. కాని ఆ లోపములు జపాను పల్లెలన్నిటిలో ఉన్నాయి. వ్యాధి మాత్రము ఇక్కడే ఎందుకు ఉంది?

ఆయన చేసిన పని చాలా సామాన్యమైనది. రోగుల ఇళ్ళను ఒక్కొక్కటిగా పటముపై చుక్కలుగా గుర్తించాడు. ఆ చుక్కలు తూర్పున కుమనో నదికి, పడమర ఇదా నదికి మధ్యన, జిన్‌జూ నీరు పారే భూములలోనే గుంపుగా పడ్డాయి. వేరొక నది నీటిని వాడే ప్రక్క ఊళ్ళలో చుక్కలు లేవు. గాలి ఒకటే, తిండి ఒకటే, శ్రమ ఒకటే. నీరు మాత్రమే వేరు. 1957లో ఆయన గని విషమే కారణమని వైద్యుల సభలో చెప్పాడు. పల్లెటూరి వైద్యుని మాటను పెద్దలు పెడచెవిన పెట్టారు. ఎగతాళి కూడా చేశారు.

వ్యవసాయ శాస్త్రవేత్త యోషియోకా కిన్‌ఇచి, ఒకయామా విశ్వవిద్యాలయములో నీటి పరీక్షలలో నిపుణుడైన కొబయాషి జున్ ఆయనకు తోడయ్యారు. నది నీటిని, పొలపు మట్టిని, బియ్యమును, మరణించిన రోగుల ఎముకలను, అవయవములను కొబయాషి పరీక్షించాడు. అన్నిటిలోను కాడ్మియమ్ కనిపించింది. 1961లో హగినో, యోషియోకాలు ఈ ఫలితములను ఎముకల వైద్యుల జాతీయ సభలో వెల్లడించారు. ప్రభుత్వము అంగీకరించడానికి మరో ఏడేళ్ళు పట్టింది. 1968 మే 8న జపాను ఆరోగ్య మంత్రిత్వశాఖ ఈ వ్యాధికి కాడ్మియమ్ కారణమని, ఆ కాడ్మియమ్ గని నుండి వచ్చినదని ప్రకటించింది. కాలుష్యము వలన కలిగిన వ్యాధిగా జపానులో అధికారికముగా గుర్తింపు పొందిన మొదటి వ్యాధి ఇదే.

కాడ్మియమ్ శరీరములో ఏమి చేస్తుంది?

మన మూత్రపిండములు రక్తమును వడగట్టినప్పుడు మంచి పదార్థములు కూడా కొన్ని మూత్రనాళికలలోనికి జారిపోతాయి. ఆ నాళికల మొదటి భాగము వాటిని తిరిగి రక్తములోనికి పీల్చుకుంటుంది. కాడ్మియమ్ చేరి కూర్చొనేది సరిగ్గా ఆ చోటే. ఒకసారి చేరిన కాడ్మియమ్‌లో సగము పోవడానికి 10 నుండి 30 సంవత్సరములు పడుతుంది. అనగా ప్రతిదినము ప్రవేశించేది కొంచెమే అయినా, లోపల నిలువ పెరుగుతూనే ఉంటుంది.

నాళికలు దెబ్బతిన్నప్పుడు చిన్న మాంసకృత్తులు, ఫాస్ఫేటు, కాల్షియము మూత్రములో పోతాయి. విటమిన్ డి శరీరములో పనిచేసే రూపమునకు మారేది కూడా మూత్రపిండములలోనే. అదీ కుంటుపడుతుంది. దానితో ఎముకలలో సున్నము చేరక అవి మెత్తబడతాయి. దీనినే వైద్యులు ఆస్టియోమలేసియా అంటారు.

స్త్రీలే ఎక్కువగా ఎందుకు బాధపడ్డారు? శరీరములో ఇనుము తక్కువైనప్పుడు ప్రేగులు కాడ్మియమ్‌ను ఎక్కువగా పీల్చుకుంటాయి. కాన్పుల వలన, ఋతుస్రావము వలన స్త్రీలలో ఇనుము తరుగుతుంది. గర్భములోని బిడ్డకు, చనుబాలకు తల్లి ఎముకల నుండి కాల్షియము పోతుంది. ముట్లు ఆగిన తరువాత ఎముకలు ఎటూ పలుచబడతాయి. పేదరికము, రక్తహీనత, వరుస కాన్పులు కలిసిన శరీరములో విషము త్వరగా పనిచేసింది. కావున పోషకాహార లోపమని చెప్పినవారి మాటలో కొంత నిజము ఉంది. కాని ఆ పాక్షిక సత్యమే అసలు కారణమును ఏండ్ల తరబడి కప్పివేసింది.

నీటిలో కొంచెము, అన్నములో ఎక్కువ

ఈ చరిత్రలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇది. ఏదో ఒక దినము నది నుండి ఒక సీసాడు నీరు తీసి పరీక్షిస్తే కాడ్మియమ్ చాలా కొద్దిగా కనిపించవచ్చు. పెద్ద నది ఆ లోహమును పలుచన చేస్తుంది. పైగా కాడ్మియమ్ చాలా వరకు మెత్తని పిండి రేణువులకు అంటుకొని ప్రయాణిస్తుంది. వర్షము వచ్చి నీరు మట్టిరంగు తిరిగినప్పుడు అది ఎక్కువగా దిగుతుంది. ఆ దినమున నీటిని ఎవరూ సీసాలో పట్టరు.

కాలువ నీరు మడిలో నిలబడినప్పుడు పిండి అడుగుకు దిగుతుంది. నీరు పోతుంది, లోహము మిగులుతుంది. ఏటేటా మరికొంత చేరుతుంది. మడిలో నీరు నిలిచి ఉన్నంతకాలము మట్టిలో గాలి ఉండదు కనుక కాడ్మియమ్ గంధకముతో కలిసి కరగకుండా ఉంటుంది. కోతకు ముందు నీరు తీసివేసి మడిని ఆరబెట్టినప్పుడు గాలి సోకి అది కరుగుతుంది. వరి వేళ్ళు దానిని పీల్చి గింజకు చేరుస్తాయి. గింజ పాలు పోసుకొని ముదిరే వేళకే ఇది జరగడము విధివైచిత్రి అనాలి.

ఆ బియ్యమును పండించినవారే మూడు పూటలా తిన్నారు. నది ఏండ్ల తరబడి దించినది మడిలో చేరింది, మడిలోనిది గింజలో చేరింది, గింజలోనిది మూత్రపిండములో నిలిచింది. నీటి పరీక్ష ఒక్కదానితోనే వాగు ఆరోగ్యమును నిర్ణయించడము ఎందుకు చాలదో దీనిని బట్టి మీకు తెలుస్తుంది.

న్యాయస్థానము, ఆపై గని ద్వారము

1966లో బాధితులు ఒక సంఘముగా ఏర్పడ్డారు. 1968 మార్చిలో మిత్సుయి సంస్థపై వ్యాజ్యము వేశారు. జపాను గనుల చట్టములో వారికి అనుకూలమైన నియమము ఒకటి ఉంది. గని వ్యర్థజలము వలన ఇతరులకు హాని కలిగితే, యజమాని తప్పు చేశాడని నిరూపించనక్కరలేదు. హాని అక్కడి నుండి వచ్చిందని నిరూపిస్తే చాలు. 1971 జూన్ 30న తొయామా న్యాయస్థానము బాధితుల పక్షమున తీర్పు చెప్పింది. సంస్థ పైన్యాయస్థానమునకు వెళ్ళింది. 1972 ఆగస్టు 9న అక్కడ కూడా ఓడిపోయింది.

మరునాడే బాధితులు టోక్యోలోని సంస్థ ప్రధాన కార్యాలయమునకు వెళ్ళి చర్చలకు కూర్చున్నారు. రోగులకు పరిహారము, పొలములకు పరిహారము సాధించుకున్నారు. వాటితో పాటు మూడవ పత్రమును కూడా వ్రాయించుకున్నారు. బాధితులు తమకు అవసరమనిపించినప్పుడు, తాము ఎన్నుకున్న శాస్త్రవేత్తలతో గనిలోనికి ప్రవేశించి తనిఖీ చేయవచ్చు. కావలసిన పత్రములను సంస్థ చూపించాలి. ఖర్చు సంస్థదే.

నా దృష్టిలో ఈ మూడవ పత్రము మందు వంటిది. పరిహారము జరిగిన నష్టమునకు. తనిఖీ హక్కు జరగబోయే నష్టమునకు. 1972 నుండి ప్రతి సంవత్సరము ఊరివారు, శాస్త్రవేత్తలు కలిసి గని ప్రాంగణమంతా తిరిగి చూస్తూ వచ్చారు. ఈ పరిశీలనలలో ఒక విశేషము బయటపడింది. గొట్టముల నుండి బయటకు వచ్చే వ్యర్థజలమే కాడ్మియమ్‌కు ఏకైక మార్గము కాదు. కర్మాగారము క్రింది నేలలో దశాబ్దములుగా ఇంకిన లోహము భూగర్భజలముతో ఊరి, అక్కడి జలవిద్యుత్ కాలువ ద్వారా నదికి చేరుతున్నది. గొట్టము చివర మాత్రమే సీసా పట్టి ఉంటే అది ఎన్నటికీ తెలిసేది కాదు. గనిలో నింపిన పూడిక నుండి ఊరే నీటికి కూడా ఇదే వర్తిస్తుంది. అది గొట్టములోనే ప్రయాణించాలన్న నియమమేమీ లేదు.

ఒక్కొక్క మార్గమును కనుగొని మూసుకుంటూ పోగా, జిన్‌జూ నదిలో కాడ్మియమ్ దాదాపు సహజముగా ఉండే స్థాయికి తగ్గింది.

మట్టిని మార్చడానికి 33 సంవత్సరములు

నది బాగుపడినా మడి బాగుపడలేదు. మట్టిలో చేరిన లోహము దానంతట అది పోదు. పాడైన పై మట్టిని తీసి లోతున పూడ్చి, దానిపై గులకరాళ్ళ పొరను పరచి, ఆపైన క్రొత్త మట్టిని పోశారు. కొన్నిచోట్ల పాత మట్టిపైననే క్రొత్త మట్టిని పరచారు. 863 హెక్టారులకు ఈ పని చేశారు. 1979లో ఆరంభమైన పని 2012లో ముగిసింది. సుమారు 4,000 కోట్ల యెన్‌లు ఖర్చయింది. ఇంత శ్రమకు కారణమైనది నదిలోనికి ఉచితముగా వదలిన పిండి.

ఈ వ్యాధికి అధికారికముగా గుర్తింపు పొందిన రోగులు సుమారు 200 మంది. ఎముకల దాకా రాకుండా మూత్రపిండములు మాత్రమే దెబ్బతిన్నవారికి చాలాకాలము ఏ గుర్తింపూ లేదు. 2013 డిసెంబరులో కుదిరిన ఒప్పందముతో వారికి కూడా కొంత సొమ్ము దక్కింది. హగినో అది చూడలేదు. 1990లో ఆయన మరణించాడు. కామియోకాలో ఖనిజమును త్రవ్వడము 2001లో ఆగిపోయింది. ఆ కొండ గర్భములోనే నెలకొల్పిన న్యూట్రినో పరిశోధనశాల ఇద్దరు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతులను తెచ్చిపెట్టింది. లోకమునకు నేడు కామియోకా ఆ పరిశోధనల వలననే ఎక్కువగా తెలుసు.

మనము చేయవలసినది

మన తెలుగు నేలపై సింగరేణి బొగ్గు ఉంది, మంగంపేట ముగ్గురాయి ఉంది, తుమ్మలపల్లె యురేనియం ఉంది, అగ్నిగుండాల ప్రాంతములో సీసము, రాగి ఖనిజములు ఉన్నాయి. ఒక్కొక్క ఖనిజపు గుణము వేరు, అపాయము వేరు. జిన్‌జూలో జరిగినదే ఇక్కడ జరుగుతున్నదని నేను చెప్పడము లేదు. గోదావరి ఇసుకతో నింపిన బొగ్గు గనిని, లోహపు పిండితో నింపిన గనిని ఒకే గాట కట్టకూడదు. కాని గని దిగువన నివసించేవారు ఎక్కడైనా అడగవలసిన ప్రశ్నలు ఇవి.

గనిని నింపేది దేనితో? ఆ నీరు బయటకు వచ్చి ఏ వాగులో కలుస్తుంది? నీటిని మాత్రమే పరీక్షిస్తున్నారా, వాగు అడుగు ఒండ్రును, మడి మట్టిని, పండిన గింజను కూడా పరీక్షిస్తున్నారా? తొలకరి వానలలో నీరు మట్టిరంగుగా ఉన్నప్పుడు పరీక్షించారా? ఫలితములను ఊరివారికి చూపిస్తున్నారా? వారిని లోపలికి రానిస్తున్నారా?

ఇక ఇంటి విషయములు. నీటిని కాచితే క్రిములు చస్తాయి, లోహములు పోవు. నీరు ఆవిరైన కొద్దీ వాటి పాలు కొంత పెరుగుతుంది కూడా. త్రాగునీటిలో కాడ్మియమ్ లీటరుకు 0.003 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. అంత కొద్దిపాటి లోహమును కన్ను, నాలుక, ముక్కు కనుగొనలేవు. దానికి ప్రయోగశాల కావాలి. అనుమానము ఉన్న ప్రాంతములలో మూత్రములో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న మాంసకృత్తు పరీక్ష మూత్రనాళికల దెబ్బను ముందుగానే పట్టుకోగలదు. మామూలుగా చేసే అల్బుమిన్ పరీక్షలో అది తప్పిపోవచ్చు. ఆడపిల్లలలో, గర్భిణులలో రక్తహీనతను సరిచేయండి. అది వేరే కారణములకే అవసరము, ఇక్కడ మరొక కారణము కూడా తోడవుతుంది. పొగ త్రాగేవారు గనికి ఎంత దూరమున ఉన్నా కాడ్మియమ్‌ను ప్రతిదినము పీలుస్తున్నారు. పొగాకు మొక్క ఆ లోహమును ఆకులలో నిలువ చేసుకుంటుంది.

ఒళ్ళు నొప్పులు వచ్చిన ప్రతివారికి కాడ్మియమ్ ఉన్నదని భయపడవద్దు. మన దేశములో ఎముకలు మెత్తబడటానికి విటమిన్ డి లోపమే చాలా సాధారణమైన కారణము, దానికి చికిత్స సులభము. కాని ఒకే వాగు నీటిని వాడే ఊళ్ళలో ఒకే రకము బాధతో పలువురు వస్తున్నారంటే, అది ఒక్కొక్కరి బలహీనత అని సరిపెట్టుకోవద్దు. యువ వైద్యులకు నా విన్నపము ఇదే. రోగి పేరు, వయసు వ్రాసుకున్నట్లే ఊరిపేరు కూడా వ్రాసుకోండి. ఏ నీరు త్రాగుతారో, ఏ నీటితో పండించిన బియ్యము తింటారో అడగండి. ఏడాదికి ఒకసారి ఆ పేర్లను పటముపై చుక్కలుగా పెట్టి చూడండి. హగినో వద్ద మొదట ఉన్న సాధనము అంతకు మించినది కాదు.